చూడని పద్యం ఎదురైనప్పుడు

ప్రతి ఏడాదీ సంక్రాంతి కార్యక్రమం అయిపోగానే మన బడిలో పెద్ద పిల్లలు కొందరు కనబడడం మానేస్తారు. ఎందుకో అందరికీ తెలుసు. ఇయర్ ఎలెవెన్, మాక్ పరీక్షలు, ట్యూషన్లు. తెలుగుకి జి.సి.ఎస్.ఇ. లేదు (ఉర్దూకి, పంజాబీకి, బెంగాలీకి, గుజరాతీకి ఉంది, ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం). కాబట్టి ముందుగా తెగేది మన ఆదివారం తరగతే. మేమూ తల్లిదండ్రులమే, తప్పు పట్టం.

పోయిన ఏడాది మాత్రం అలా మానేయబోతున్న ఒక అమ్మాయి తిరిగి మా దగ్గరికే వచ్చింది. అ, ఆల నుంచి మా దగ్గరే నేర్చుకున్న పిల్ల. "అంకుల్, తెలుగు కాదు, ఇంగ్లీష్ పోయెట్రీ చెప్తారా? అన్‌సీన్ అంటే నాకు భయం" అంది. పుస్తకంలో ఉన్న పదిహేను పద్యాలూ, వాటిలో రాయాల్సిన మాటలూ అన్నీ కంఠతా పట్టిందట. మాక్ పరీక్షలో ఎప్పుడూ చూడని పద్యం వచ్చేసరికి అరపేజీ రాసి ఆగిపోయింది. ఆ తర్వాతి ప్రశ్న ముట్టుకోనే లేదు. వాళ్ళమ్మగారు పక్కనే నిలబడి, "సిలబస్సులో లేనిదాన్ని ఎలా చదివించాలండీ?" అని అడిగారు. మన ఊళ్ళలో గైడ్లు పెట్టుకుని చదివిన వాళ్ళందరికీ వచ్చే ప్రశ్నే ఇది.

నిజం చెప్పాలంటే మాకూ జవాబు తెలియదు. మేము ఇంజినీర్లం. మాలో సగం మంది ఇంటర్లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్నవాళ్ళమే. అయినా సరేనని ఒప్పుకుని మాకు చేతనైన పని చేశాం. ఇరవై రెండు అలంకారాల పేర్లు, ఒక్కొక్కదానికి ఒక ఉదాహరణతో, ఒకే కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాం. అమ్మాయి వారంలో అన్నీ నేర్చేసుకుంది. తర్వాత స్కూల్లో రాసిన అభ్యాస వ్యాసంలో ఇక్కడ ఉపమ ఉంది, ఇక్కడ పునరుక్తి ఉంది, ఇక్కడ వాక్యం పంక్తి దాటింది అని వరసగా రాసింది. వాళ్ళ టీచరు ప్రతి వాక్యం పక్కనా ఒకే మాట రాసి తిరిగి ఇచ్చారు. దాన్ని తెలుగులో చెప్పాలంటే: "అయితే?"

ఆ "అయితే?" మా కాగితానికి పడిన మార్కు అని మాకు అర్థమైంది. అప్పుడు కూర్చుని అసలు పరీక్ష ఏమడుగుతోందో చదివాం. ఆ పని ముందే చేయాల్సింది.

అసలు పరీక్ష ఏమిటి?

ఇంగ్లండులో ఎక్కువ మంది పిల్లలు రాసే ఏ.క్యూ.ఏ. బోర్డు సంగతి చెబుతాం. మీ పిల్లల స్కూలు ఏ బోర్డో కనుక్కోండి, ఎడెక్సెల్, ఎడ్యుకాస్ లెక్కలు వేరు. ఏ.క్యూ.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ రెండో పేపరు రెండుంపావు గంటలు, 96 మార్కులు. అందులో మూడో భాగమే ఈ అన్‌సీన్, 32 మార్కులు. ముందు ఒక పద్యం ఇచ్చి వ్యాసం రాయమంటారు, దానికి 24. తర్వాత ఇంకో పద్యం ఇచ్చి రెంటినీ పోల్చమంటారు, దానికి 8. మా అలవాటు కొద్దీ లెక్క వేశాం: 135 నిమిషాలకు 96 మార్కులైతే 32 మార్కులకు సరిగ్గా 45 నిమిషాలు. మొదటి పద్యానికి ముప్పై మూడు, ముప్పై నాలుగు, రెండోదానికి పదకొండు. చదవడానికి పట్టే సమయం కూడా ఇందులోనే.

తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పుస్తకంలోని పదిహేను పద్యాల విషయంలో కవి కాలం, చరిత్ర, నేపథ్యం రాస్తే మార్కులుంటాయి. అన్‌సీన్‌లో వాటికి మార్కులు లేవు. 24లో సగం, పద్యం ఏమంటోందో అర్థం చేసుకుని ఆధారంతో చెప్పినందుకు. మిగతా సగం, కవి ఆ మాటను ఎలా చెప్పారో, అలా చెప్పడం వల్ల ఏమైందో రాసినందుకు. రెండో ప్రశ్నలోని 8 మార్కులు పూర్తిగా ఈ "ఎలా"కే. అంటే బయటినుంచి మోసుకెళ్ళే సామాను ఏమీ అక్కర్లేదు. పద్యం, పెన్ను, బుర్ర చాలు. మా అమ్మాయికి ఈ మాట చెప్పగానే సగం భయం పోయింది. మిగతా సగం పోవడానికి మూడు నెలలు పట్టింది.

వందేళ్ళ కిందటి కేంబ్రిడ్జి పిల్లలు

చూడని పద్యం చేతిలో పెట్టి రాయమనడం ఇవాళ పుట్టిన పని కాదు. 1920లలో కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు కవి పేరు చెప్పకుండా పద్యాలు ఇచ్చి, మీకేమనిపించిందో రాసి తెమ్మన్నాడు. అలా వచ్చిన కాగితాలను దగ్గర పెట్టుకుని 1929లో ప్రాక్టికల్ క్రిటిసిజమ్ అనే పుస్తకం వేశాడు. పదమూడు పద్యాల మీద విద్యార్థులు రాసినవి అందులో ఉన్నాయి. ఇంగ్లీషే మాతృభాష అయిన కేంబ్రిడ్జి విద్యార్థులు కూడా చాలాచోట్ల పద్యం ఏమంటోందో, ఆ సాదా అర్థమే పట్టుకోలేకపోయారు. కొందరు పద్యం వదిలేసి తమ జ్ఞాపకాలు రాసుకున్నారు. ఇంకొందరు ముందే మనసులో తయారుగా ఉన్న భావాన్ని పద్యం మీద అతికించారు. మన పిల్లలు చేసే తప్పులన్నీ వందేళ్ళ కిందటే జరిగాయన్నమాట. ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు చాలా సంతోషించారు.

(కేంబ్రిడ్జి మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. కట్టమంచి రామలింగారెడ్డిగారు రిచర్డ్స్ కంటే ముందే అక్కడ చదువుకున్నారు. తిరిగి వెళ్ళాక కవిత్వతత్త్వ విచారము రాసి, పింగళి సూరన కావ్యాలను ఎవరో చెప్పింది నమ్మకుండా తానే చదివి తూకం వేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ కూడా ఆయనే.)

రిచర్డ్స్ పుస్తకం గురించి చదువుతుంటే మాకు పదో తరగతి తెలుగు పేపరు గుర్తొచ్చింది. ప్రతిపదార్థం, తాత్పర్యం. ఆ రోజుల్లో ఎంత విసుక్కున్నామో! ప్రతి మాటకూ అర్థం రాయాలి, ఒక్కటీ వదలకూడదు. పద్యంలో ఎక్కడెక్కడో చెదిరి ఉన్న కర్తనూ క్రియనూ వెతికి పక్కపక్కన పెట్టాలి. దాన్ని అన్వయం అనేవారు మాస్టారు. అది అయ్యాకే తాత్పర్యం. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ దేశంలో కూర్చుని చూస్తే, సాదా అర్థం తప్పిపోకుండా కాపలా కాసే పద్ధతి అదేనని తెలిసింది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే మాట ఇచ్చుకున్నాడు. అన్‌సీన్ పేపరు దిద్దేవాళ్ళు కోరేదీ దాదాపు ఇదే.

అయితే మన ప్రతిపదార్థం తాత్పర్యంతో ఆగిపోయేది. "ఈ మాటే ఎందుకు, ఇక్కడే ఎందుకు" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంటర్లో తెలుగు వదిలేవాళ్ళం కాదేమో.

తరగతిలో ఏం చేశాం

ఇంగ్లీషు పద్యాలకు ముందు ఒక తెలుగు పద్యంతో మొదలుపెట్టాం. దానికో కారణం ఉంది. మన పిల్లలు ఇంగ్లీషు గబగబా చదివేస్తారు, కళ్ళు మాటల మీద ఆగవు. తెలుగైతే వేలు పెట్టి అక్షరం అక్షరం కూడుకోవాలి. లోపమే అయినా ఇక్కడ అది పనికొచ్చింది, ఒక్క మాటా తప్పించుకుపోదు కదా. ఎవరి పుస్తకంలోనూ లేని పద్యం కావాలి కాబట్టి మేమే ఆరు పంక్తులు రాశాం. కవిత్వమని గొప్ప చెప్పుకోవడానికి కాదు, పాఠానికి పనికొస్తే చాలు.

అల్మరా మీద పెద్ద పెట్టె.
ఏడాదికోసారి కిందికి దిగుతుంది.
పోయేటప్పుడు ఇరవై మూడు కిలోలు,
వచ్చేటప్పుడు ఇరవై మూడు కిలోలు.
అమ్మమ్మ మాత్రం
ప్రతిసారీ కొంచెం తేలికవుతోంది.

"ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగాం. చిన్నపిల్లాడొకడు చెయ్యెత్తి, "బ్యాగేజ్ లిమిట్" అన్నాడు. అందరూ నవ్వారు గాని వాడిదే సరైన మొదలు. సాదా అర్థం అక్కడే ఉంది: ఒక కుటుంబం ఏడాదికోసారి ఊరికి వెళ్ళి వస్తుంది, పెట్టె నిండా సామానుతో. ఇంకో పిల్ల "అమ్మమ్మ డైటింగ్ చేస్తోంది" అంది. మరొకడు ఆలోచించి, "మనవలు వచ్చారని అమ్మమ్మ మనసు తేలికపడింది" అన్నాడు.

ఈ మూడో జవాబు దగ్గర చాలాసేపు ఆగాం. తెలుగులో మనసు తేలికపడడం అనే మాట ఉంది, అందుకే వాడి ఊహ తెలివితక్కువది కాదు. మరి ఎలా తేల్చాలి? పద్యాన్నే అడగాలి. "మాత్రం" అనే మాట చూడండి అన్నాం. ఆ మాట ఎప్పుడొస్తుంది? "అందరూ వచ్చారు, వాడు మాత్రం రాలేదు." ముందున్నదానికి ఎదురు నిలబడుతుంది. ముందున్నదేమిటి? కిలోలు. పెట్టె బరువు మారలేదు, అమ్మమ్మ బరువు మారింది. ఇక్కడ తేలిక అంటే ముందుగా ఒంటి బరువే, వయసు మీద పడి చిక్కిపోవడమే. అలాగని వాడి అర్థాన్ని చెరిపేయమని చెప్పలేదు. పరీక్షలో "ఈ మాటకు ఊరట అనే అర్థం కూడా ఉంది, కానీ పైనున్న తూకాల వల్ల ఇది ఊరటలా వినిపించదు" అని రాస్తే అది ఇంకా మంచి జవాబు. ఒక మాటను రెండు వైపులా తిప్పి చూసి, ఆధారంతో ఒకదానివైపు మొగ్గడానికి పైస్థాయి మార్కులు ఉన్నాయి.

తర్వాత, ఏం మారింది, ఏం మారలేదు అని అడిగాం. మూడు, నాలుగు పంక్తుల్లో మొదటి మాట ఒక్కటే తేడా. పోవడం, రావడం, అంకె అదే. లెక్క సరిపోయింది. దాని కిందనే సరిపోని లెక్క ఒకటి ఉంది. మొదటి నాలుగు పంక్తుల్లో మనుషులే లేరని ఎనిమిదేళ్ళ పిల్ల కనిపెట్టింది. పెట్టె తనంతట తనే దిగుతుంది! ఎవరో దింపాలి కదా, వాళ్ళెందుకు కనబడరు? ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. రాసిన వాళ్ళమే అయినా దాన్ని గమనించలేదు.

చివరికి మా పెద్దమ్మాయి మాట్లాడింది. వాక్యం ముగించే క్రియలు ఇందులో రెండే ఉన్నాయి అంది. దిగుతుంది, తేలికవుతోంది. "దిగుతుంది అంటే అలవాటు, ఎప్పుడూ జరిగేది. తేలికవుతోంది అంటే ఇప్పుడు కూడా జరుగుతోంది. మనం అక్కడ లేనప్పుడు కూడా."

హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులతో సహా. ఆ రోజు తాళం వేసేటప్పుడు ఒక తల్లి వచ్చి, "ఆ పద్యం ఎవరిదండీ?" అని అడిగారు. మాదే అన్నాం. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

కాగితం మీద పెట్టడం

మాటల్లో చెప్పింది వ్యాసంలోకి రావడం వేరే పని. ఆ వారం అందరినీ ఒక పేరా రాయమన్నాం. ఎక్కువ మంది రాసింది ఇలా ఉంది: "ఈ పద్యంలో కవి పునరుక్తి వాడారు. దీనివల్ల పాఠకులకు ఆసక్తి కలుగుతుంది. ఇంకా చదవాలనిపిస్తుంది." ఈ మూడు వాక్యాలు ఏ పద్యం గురించైనా రాయవచ్చు, పాల బిల్లు గురించి కూడా రాయవచ్చు. ఇంకో అబ్బాయి పేజీ నిండా గుంటూరులో తన అమ్మమ్మ, ఇంటి వెనక మామిడిచెట్టు, తాను పడిపోయిన గోడ గురించి రాశాడు. చదవడానికి హాయిగా ఉంది. పద్యంలో మామిడిచెట్టు లేదు. ఆ జ్ఞాపకం వల్లనే పద్యం వాడికి త్వరగా తగిలింది, అందుకు సంతోషమే. కానీ జవాబు కాగితం మీదికి రావలసింది పద్యమే. "అమ్మమ్మ అంటే ప్రేమ" అని రాసినవాళ్ళూ ఉన్నారు. పద్యంలో ప్రేమ అనే మాట లేదు, బాధ అనే మాటా లేదు. కిలోలు ఉన్నాయి. ప్రేమ గురించి చెప్పదలుచుకున్నవాళ్ళు కిలోల మీదుగానే అక్కడికి వెళ్ళాలి.

మా అమ్మాయి రాసిన పేరాను ఆమె అనుమతితో, కొంచెం తెలుగు సరిదిద్ది ఇక్కడ ఇస్తున్నాం. "పెట్టె బరువు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకటేనని రెండు పంక్తుల్లో ఒకే మాటలతో చెప్పారు. తూకంలో రెండు తట్టల్లాగా ఆ పంక్తులు సమానంగా ఉన్నాయి. చదివేవాళ్ళు ఆ సమానానికి అలవాటు పడగానే 'మాత్రం' వచ్చి దాన్ని చెడగొడుతుంది. ఆ మాట దగ్గరే పంక్తి ఆగిపోతుంది, చెప్పడానికి ఇష్టం లేనట్టు. మాట్లాడే మనిషి సామాను చూసినట్టే అమ్మమ్మను కూడా బరువుతో కొలుస్తున్నారు. ఏడాదికోసారే చూస్తారు కాబట్టే తేడా అంత బాగా తెలుస్తోంది."

ఇందులో అలంకారం పేరు ఒక్కటీ లేదు చూడండి. పేర్లు తెలిస్తే మంచిదే, వాడితే వాక్యం పొట్టిదవుతుంది. పేరు చెప్పి ఊరుకుంటే మాత్రం మళ్ళీ ఆ "అయితే?" దగ్గరికే వస్తాం.

ఇంగ్లీషు పద్యాలకు వచ్చేసరికి పిల్లలకు ఇదంతా చేతిలోకి వచ్చేసింది. క్రియల కాలం, పంక్తి ఎక్కడ తెగింది, ఏ మాట రెండుసార్లు వచ్చింది, ఎక్కడ మలుపు తిరిగింది, అన్నీ అక్కడా ఉన్నాయి. పాత పద్యాల్లో మాటల వరస తారుమారుగా ఉంటే అన్వయం చేసుకోమన్నాం: చేసేవాడెవడు, చేసే పని ఏది, ముందు అవి పట్టుకో. అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా ప్రశ్నను ముందు చదవడం. పద్యం దేని గురించో ప్రశ్నలోనే ఉంటుంది, ఎవరి మనసులోని ఏ భావం గురించి రాయాలో అదే చెబుతుంది. అమ్మాయి మాక్ పరీక్షలో పద్యం నాలుగుసార్లు చదివిందట గాని ప్రశ్న ఒక్కసారే చదివింది. తెలియని మాట వస్తే ఆగిపోవద్దని కూడా చెప్పాం. ఒక మాట తెలియకపోతే ఆ మాట చుట్టూ ఉన్న పది మాటల గురించి రాయవచ్చు.

ముప్పై మూడు నిమిషాల్లో ఏడెనిమిది చదువుకి, గుర్తులు పెట్టుకోవడానికి. మిగతావి రాతకి. పేజీలు ఎక్కువ నింపితే ఎక్కువ మార్కులు వస్తాయన్నది మన కాలపు నమ్మకం. మేము స్కేలు పెట్టి కొలిచేవారని వినేవాళ్ళం! ఇక్కడ మూడు నాలుగు మంచి పేరాలు చాలు.

ఆ అమ్మాయికి ఎంత గ్రేడు వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. అది చెప్పవలసింది ఆమె. రెండో ప్రశ్నకు కూడా జవాబు రాసిందని మాత్రం మాకు ఫోను చేసి చెప్పింది. ఈ ఏడాది ఆదివారాలు చిన్నపిల్లల తరగతికి సాయం వస్తోంది.

ఇంటి పని

పోల్చే ప్రశ్న కోసం రెండో పద్యం కింద ఇస్తున్నాం. ఇదీ మేము రాసిందే.

నాన్న చేతి గడియారం
ఇంకా ఊరి టైమే చూపిస్తుంది.
టైమెంతంటే వేళ్ళ మీద లెక్కపెడతాడు:
ఎండాకాలం నాలుగున్నర తీసేసి,
చలికాలం ఐదున్నర తీసేసి.
మిగిలిందే ఇక్కడ.

ముందు పిల్లలు పైకి చదవాలి, పెద్దలు తప్పులు దిద్దకుండా వినాలి. తర్వాత పదకొండు నిమిషాలు గడియారం పెట్టుకుని ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: రెండు పద్యాల్లోనూ అంకెలు ఉన్నాయి, అవి రెండుచోట్లా ఒకే పని చేస్తున్నాయా? "తేలికవుతోంది", "తీసేసి" అనే రెండు మాటలనూ వదలకూడదు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా తీసుకుంటాం. అమ్మానాన్నలు కూడా రాయవచ్చు, కాకపోతే పిల్లలకు చూపించకుండా విడిగా రాయాలి. సెలవుల తర్వాత మొదటి ఆదివారం కాగితాలు తెచ్చి హాలు గుమ్మం దగ్గర ఉన్న నీలం పెట్టెలో వేయండి.